మా వరుస ఇండ్లల్ల ఆడిన జపాన్ సినిమ

మా బిడ్డ చిన్నప్పుడు... నాచారంల ఆరు కిరాయి ఇండ్ల వరుస మాది. అందరం కంపెనీలల్ల పనిజేసెటోళ్లమే. ఆరిండ్లకు ఒక్కటే టీవీ... అది మాది. ఐతారం అందరం కూసొని సీడీ ఏసుకునేది. ఒక్కో ఐతారం ఒక్కో ఇంటోళ్లు సినిమ తేవాలె. అది మా కట్టుబాటు.

ఆ ఐతారం నా వంతు. తొమ్మిది సదివే నా బిడ్డ సుజాతను ఎంబడి తీస్కొని సీడీల దుకాణం వోయిన. నాకు ఇంగ్లీషు రాదు... తెలుగే కూడవలుక్కొని సదువుత. అట్ట మీద బొమ్మ సూసిన. బడి బట్టలేసుకున్న పిల్లలు, సక్కగ నిలవడ్డరు. జపాన్ సినిమ అన్నడు దుకాణపాయన. పిల్లల సినిమనే అనుకున్న.

సుజాత అట్ట ఎనక సదివింది. "నాయినా, ఇది వద్దే. బడి పిల్లల్ని తీస్కపోయి ఒకల్లనొకలు సంపుకోమంటరంట. ఒక్కలే మిగలాల్నంట."

దుకాణంల నలుగురు సూస్తున్నరు... నాకు పౌరుషమొచ్చింది. "నాకే జెప్తవా? నోర్ముయ్" అన్న. తెచ్చిన.

పిల్లలంత సాపల మీద కూసున్నరు. మాటలు ఒక్కటి సమజ్ కాలే... సంపుడు మాత్రం సమజైంది. దోస్తును దోస్తే పొడుస్తుండు. పక్కింటి యాదమ్మ చిన్న బిడ్డ బుగులువడి ఒక్కటే ఏడ్సుడు.

యాదమ్మ లేసి టీవీ బంద్ జేసింది. "ఏందన్నా గిది? పెద్దమనిషివి... గిసొంటిది ఎవలన్న తెస్తరా?"

"నా బిడ్డ ఏరింది. ఇంగ్లీషు సదువు సదువుతుంది గద... గట్లనే ఉంటది" అన్న.

సుజాత నా దిక్కు సూసింది. లేసి లోపటికి వోయింది. సినిమల పిల్లలు పానం కోసం దోస్తును పొడిసిన్రు... నేను ఇజ్జత్ కోసం నా బిడ్డను పొడిసిన.

మా వరుస పిల్లలు రోజు సాయంత్రం సుజాత తాన లెక్కలు నేర్సుకునేది. తెల్లారి నుంచి ఎవలూ పంపలే. "నీ సోపతి మా పోరగాండ్లకొద్దు తల్లీ" అన్నరు. బిడ్డ సాయంత్రం వాకిట్ల ఒక్కతే కూసునేది... నేను సూసి సూడనట్టు డ్యూటీకి పోయేది. రేపు నిజం జెప్త, ఎల్లుండి జెప్త అనుకున్న... తెలంగాణ గూడ వచ్చింది గని, నా నోట్లెకెల్లి ఆ మాట రాలే.

ఇప్పుడు ఆమె మేడిపల్లిల ఉంటది. ఫోన్ జేస్తది... "బాగున్నవా నాయినా." గంతే.

ఇప్పుడు ఇంట్ల తలా ఒక ఫోన్... ఎవలు ఏం సూస్తున్నరో ఎవలకెరుక. గప్పుడు అందరం ఒక్కకాడ కూసొని సూసేది. అందరి ముంగటనే అబద్ధమాడిన... గందుకే కూడవలుక్కుంటనే గీ ఫోన్ల అందరి ముంగట రాస్తున్న. యాదమ్మా, ఆ సీడీ ఏరింది నేను. నా బిడ్డ వద్దనే అన్నది.

తమ తప్పు పిల్లల మీద వెట్టినోళ్లు మీల గూడ ఉంటరు... ఆ పిల్లలతోని ఎట్ల ఒప్పుకున్నరో జర రాయున్రి. నాకు నా బిడ్డ మొకం సూసి జెప్పుడు ఇంక చాతనైతలేదు.