వద్దు అనే బటన్ మీద నేను రాసిన వాక్యం

కొండాపూర్‌లో రక్తపరీక్షల ప్యాకేజీలు అమ్మే ఒక కంపెనీ వెబ్‌సైటుకు తెలుగు మాటలు రాయడం నా ఉద్యోగం. వెబ్‌లో జనం చదవరు, పైపైన చూపు పారేసి పోతారు అని చేరిన వారంలోనే నేర్పారు. వాక్యం పొట్టిగా ఉండాలి, చదవగానే వేలు బటన్ మీదికి పోవాలి. భీమవరంలో తెలుగు ఎమ్మే చేసి వచ్చిన నాకు ఆ విద్య తొందరగానే పట్టుబడింది.

సైటు తెరవగానే పేజీ మొత్తం కప్పేస్తూ ఒక ప్రకటన వచ్చి ఫోన్ నంబరు అడిగేది. మూసేయడానికి మూలన ఇంటూ గుర్తు పెట్టలేదు. కింద రెండే బటన్లు. పెద్దది, ఆకుపచ్చది: "అవును, మా వాళ్ల ఆరోగ్యం నాకు ముఖ్యం." రెండోది బూడిద రంగులో, సన్నటి అక్షరాలతో: "వద్దు, మా వాళ్ల ఆరోగ్యం నాకు అక్కర్లేదు." ఆ రెండో వాక్యం నాది. మేనేజరు దాన్ని మీటింగులో పైకి చదివి మెచ్చుకున్నాడు. ఆ సాయంత్రం నేను సంతోషంగా ఇంటికి వెళ్లాను.

మామూలు మనుషులు సైటును ఎలా వాడతారో చూద్దామని ఒకరోజు మా ప్యాంట్రీలో టీ పెట్టే అక్కను కూర్చోబెట్టాం. ఆమెది ఖాజాగూడ, పుట్టిందీ మెట్టిందీ అక్కడే. ఏడో తరగతి చదివింది. తన ఫోన్‌లోనే చూడమన్నాం.

"షుగరు పరీక్షకి పరగడుపున రావాలో లేదో ఇందులో చూసి చెప్పండక్కా" అన్నాను.

ప్రకటన వచ్చింది. ఆమె ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ మొత్తం చదివింది. బూడిద రంగు బటన్ దగ్గర వేలు ఆగిపోయింది.

"ఇదెట్ల ఒత్తాలె మేడం? అక్కర లేదని నేనెట్లంట? మా ఆయన దవాఖానల ఉన్నడు."

"అది ఊరికే రాసిందక్కా. నొక్కేస్తే పోతుంది."

"ఊరికెనే రాస్తరా గిట్ల?"

ఆకుపచ్చది నొక్కి నంబరు ఇచ్చింది. నా పక్కనున్న మేనేజరు "చూశావా, పనిచేస్తోంది" అన్నాడు మెల్లగా. ఇది పరీక్షే కాబట్టి ఆ నంబరు తీయించేయాలని నాకు తోచింది. భోజనానికి వెళ్లి మర్చిపోయాను.

మర్నాటి నుంచి ఆమెకు ఫోన్లు మొదలయ్యాయి. "జర బంద్ చెయ్యమనుండ్రి మేడం, పొద్దందాక చేస్తున్నరు. పరేషాన్ అయితున్న" అంది. అమ్మకాల వాళ్లను అడిగాను. నంబరు అప్పటికే బయటి కంపెనీలకు వెళ్లిపోయిందన్నారు. చివరికి ఆమె తెలియని నంబరు వస్తే కట్ చేయడం అలవాటు చేసుకుంది.

ఆమె భర్తకు గుండె జబ్బు. ఆపరేషనుకు తేదీ దొరకగానే ఫోన్ చేస్తామని చెప్పి దవాఖాన వాళ్లు ఇంటికి పంపారు. రెండుసార్లు చేశారట. రెండుసార్లూ ఆమె కట్ చేసింది. తనే వెళ్లి అడిగేసరికి ఆ తేదీ ఇంకొకరికి పోయింది. మరుసటి నెలకు ఇచ్చారు. ఆ నెల రాకముందే ఆయన చనిపోయాడు.

ఆపరేషను అయ్యుంటే బతికేవాడని డాక్టర్లెవరూ అనలేదు. కొన్నాళ్లు నేను ఆ మాటే పట్టుకుని తిరిగాను.

మేనేజరు దగ్గరికి వెళ్లి ఆ వాక్యం తీసేద్దామన్నాను.

"తీసేసి ఏం పెడదాం?"

"వద్దు అని పెడితే చాలు."

"అందరూ అదే నొక్కేస్తారు."

"నొక్కడానికే కదా అది అక్కడున్నది."

ఆయన తన స్క్రీన్ వైపు తిరిగాడు. వాక్యం అలాగే ఉండిపోయింది. నేనూ ఉద్యోగం వదల్లేదు. ఇంకో ఐదు నెలలు అలాంటివే రాశాను, బాగానే రాశాను.

భర్త దినాలయ్యాక అక్క మళ్లీ పనిలోకి వచ్చిన రోజు ప్యాంట్రీలో ఇద్దరమే ఉన్నప్పుడు చెప్పాను. "ఆ సన్న అక్షరాలవి రాసింది నేనేనక్కా."

ఆమెకు అర్థం కావడానికి కాసేపు పట్టింది.

"మీకు ఇంట్ల ఎవరు లేరా మేడం?" అని అడిగింది. గొంతులో కోపం లేదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

"ఉన్నారు" అన్నాను.

తలూపి, కప్పులు ట్రేలో సర్దుకుని వెళ్లిపోయింది. తర్వాత కూడా నా టేబుల్ మీద టీ పెట్టేది, నా వైపు చూసేది కాదు. కొన్నాళ్లకు ఆమెను కొత్తగూడలోని ఇంకో బిల్డింగుకు మార్చారు. మళ్లీ నాకు కనబడలేదు.