కోయకుండా వదిలిన దుబ్బు

జువ్వలదిన్నె దాటాక ఉప్పునేల అంచున మోకాలెత్తు గడ్డి ఉంది. అందులో ఒక పిట్టగూడును డేగ కళ్లతో వెదికి పట్టానని చాలామందికి చెప్పుకున్నాను. నిజానికి కళ్లద్దాలు తీస్తే నాకు గేదె కూడా ఆనదు. మా వైపు గేదెలకు గడ్డి కోసేవాళ్లకు ఒక అలవాటుంది. గూడు కనిపిస్తే అక్కడ పిడికెడు దుబ్బు వదిలేసి చుట్టూ కోసుకుపోతారు. ఆ రోజు ఒకామె వదిలిన దుబ్బు పిలకజుట్టులా నిలబడి ఉంటే, చూసి దాని ముందు కెమెరా పెట్టాను. అంతే నా గొప్ప.

పిట్ట బొటనవేలంత. గోధుమరంగు వీపు మీద నల్లచారలు. మగది ఆకాశంలో పడుతూ లేస్తూ, లేచినప్పుడల్లా ‘జిట్’ అంటుంది. కింద గూడు చూడాలి! పచ్చిగడ్డి పోచలను తెంపకుండానే దగ్గరికి లాగి, సాలెపురుగు దారంతో కుట్టి, నిలువు సంచిలా చేశాయి. ముప్పై ఏళ్లు రైల్వేలో పనిచేశాను గానీ అంత పొందికైన బిగింపు ఎక్కడా చూడలేదు.

ఫోటోకి మూడు పోచలు అడ్డొచ్చాయి. కొడవలితో తీసెయ్యమని, పక్కనే కోస్తున్న ఆమెను అడిగాను.

“ఏంది పెద్దాయనా, తలుపు పీకి లోపల పిల్లోళ్లను ఫోటో తీస్తావా? మీ ఇంట్లో అట్టనే చేస్తారా?” అని, ఆమె కోతకు పక్క గడ్డిచెక్కలోకి వెళ్లిపోయింది.

నేను ఊరుకోలేదు. తువ్వాలులోంచి దారం లాగి ఆ మూడింటినీ పక్కకు వంచి కట్టాను. తీరా చూస్తే అవి గూటికి కుట్టిన పోచలే. గూడు ఒరిగిపోయి, నాలుగు పసుపుపచ్చ నోళ్లు ఎండకు తెరుచుకున్నాయి. తల్లి పురుగు పట్టుకొచ్చి దూరంగా వాలింది. దగ్గరికి రాలేదు. రెండోసారీ అంతే. కాసేపటికి పిల్లలు నోళ్లు తెరవడం కూడా మానేశాయి.

గూటిని నేనే నిలబెట్టానని తర్వాత చెప్పుకున్నాను. అదీ అబద్ధమే. “అమ్మా, పరిగెత్తుకురా!” అని ఊరి రేవుదాకా వినపడేట్టు అరిచాను. ఆమె వచ్చి కొడవలి మొనతో దారం తెంపి, పోచలను నిలబెట్టి, రెండు ఎండుపుల్లలు ఊతగా గుచ్చింది.

“ఆ తాటిచెట్టు కాడికి నడువు. తల్లి రాలేదనుకో, నీ కెమెరా గేదెలకు మేపుతా.”

ఇద్దరం అక్కడ కూర్చున్నాం. ఆమె కోత మానేసింది. తల్లి ఒక పుల్ల మీద వాలింది, మళ్లీ ఎగిరింది, మళ్లీ వాలింది. చివరికి గడ్డిలోకి జారింది. బయటికి వచ్చినప్పుడు ముక్కున పురుగు లేదు.

“తినినాయి” అందామె.

పిట్ట మళ్లీ లోపలికి వెళ్లాక, అంత దూరం నుంచే ఒక్క ఫోటో తీశాను. దాంట్లో గడ్డి తప్ప ఏమీ లేదు. పటం కట్టించి గోడకు తగిలించాను. ఇంటికొచ్చినవాళ్లకు వేలుపెట్టి, “ఇదిగో, ఈ పోచల వెనక పిట్ట ఉంది” అని చూపిస్తాను. సగంమంది కళ్లు చికిలించి కనిపించిందంటారు. వాళ్లు అబద్ధం ఆడుతున్నారు. నేను మాత్రం ఆడడం లేదు.