ఒక సైజు పెద్ద పడవ

రేపల్లె దిగువన ఉప్పుటేరు మీద మా తాతగారికి పదకొండు పడవలుండేవి. నేను పుట్టేసరికి ఒక్కటీ లేదు. తెనాలిలో అద్దె ఇంట్లో ఉంటూ కాలేజీ లైబ్రరీలో పనిచేసే నాకు ఆ ఏటి దగ్గర మిగిలిందల్లా, నన్ను చూసి ముసలివాళ్ళు చుట్ట పక్కన పెట్టడం. అదీ ఇద్దరో ముగ్గురో.

మా అమ్మాయికి తొమ్మిదేళ్ళప్పుడు అక్కడికి తీసుకువెళ్ళాను. చేపలు పట్టేవాళ్ళ పిల్లలు పడవల్లో తిరగడం చూసి తనకూ ఒకటి కావాలంది. అంతకుముందు నన్ను ఏదీ అడగని పిల్ల. నెలల తరబడి అదే మాట. నోటుపుస్తకం అట్ట మీద పడవ, పడవలో తను, గాలానికి తనంత చేప.

వేసవి సెలవుల్లో బాపట్లలో, సముద్రానికి పోయే దారిలో కొత్తగా పెట్టిన కొట్టుకు వెళ్ళాం. ప్లాస్టిక్ కయాకులు, ఒక్కరే కూర్చుని తెడ్డు వేసుకునే చిన్న పడవలు, గోడకు నిలబెట్టి ఉన్నాయి. లోపలికి కాళ్ళు దూర్చే రకం కాదు, పైనే కూర్చునేవి. తిరగబడినా మనిషి ఇరుక్కోడు. వెనక గాలం కర్రలు నిలబెట్టుకునే గొట్టాలున్నాయి. కొట్టతను ఒకప్పుడు సముద్రం మీద వేటకు వెళ్ళినవాడు. పిల్లను చూడగానే పసుపుపచ్చని చిన్నదాన్ని దించి కూర్చోబెట్టాడు. పాదాలు ముందున్న మెట్టుకు సరిగ్గా ఆనాయి. తేలికపాటి పొట్టి తెడ్డు చేతికిచ్చాడు. మా అమ్మాయి గచ్చు మీదే అటూ ఇటూ తెడ్డు వేసి నవ్వింది.

"పాపకి ఇది సరిగ్గా సరిపోద్దండి."

"ఎదిగే పిల్ల. ఒక సైజు పెద్దది చూపించండి," అన్నాను.

గౌనైనా, చెప్పులైనా, సైకిలైనా మా ఇంట్లో అదే మాట.

"గౌనైతే లోపలికి మడిచి కుట్టిస్తారు బాబుగారూ. దీన్నెక్కడ మడుస్తారండి?"

కొట్టులో ఉన్న మరో ఇద్దరు నవ్వారు. అలవాటుగా అన్న మాట కాస్తా అక్కడితో పట్టుదలైంది.

"మా తాతగారికి పదకొండు పడవలుండేవి. పడవల సంగతి నాకు చెప్పక్కర్లేదు."

"అట్టాగేనండి," అని అతను పెద్దవాళ్ళు ఎక్కేదాన్ని దించాడు. తెడ్డు కూడా దానికి తగ్గదే, పిల్లకన్నా రెండు మూరలు పొడవు. ట్రాలీ ఆటోకి కడుతూ మెల్లగా అన్నాడు: "గీత పడకపోతే వారంలోపు తెచ్చెయ్యండి, మార్చిస్తాను. పాప కోసం చెప్తన్నానండి."

మర్నాడు ఏట్లో దింపాం. మెట్టుకు పాదాలు జానెడు దూరంలో ఉండిపోయాయి. కాళ్ళకు ఆసరా లేక, తెడ్డు వేసినప్పుడల్లా మనిషి జారిపోతోంది. ఆ వెడల్పుకి చేతులు చాలక వేళ్ళ కణుపులు అంచుకు కొట్టుకుంటున్నాయి. పడవ ముందుకు పోకుండా ఉన్నచోటే తిరగసాగింది.

"ఏంటమ్మా, గానుగ ఆడిస్తన్నావా?" అంది గట్టున వల బాగుచేసుకుంటున్న ఒకావిడ. పిల్లలు విరగబడి నవ్వారు. చివరికి ఆవిడే నడుంలోతు నీళ్ళలోకి దిగి పడవను లాక్కొచ్చింది.

"ఇంత పిల్లకి అంత తెడ్డేంటన్నా?"

ఆ ఏటి మీద నన్ను అన్నా అని పిలిచినవాళ్ళు అంతవరకూ లేరు. "తెడ్డుదేం లేదు, దీనికే చేతకాలేదు," అన్నాను. అమ్మాయి కమిలిన వేళ్ళు గౌను మడతల్లో దాచుకుంది.

పడవ మీద ఒక్క గీతా పడలేదు. "ఎప్పుడు మార్పిస్తావు నాన్నా?" అని రోజూ అడిగేది. రేపు అనేవాణ్ణి. ఆ కొట్టు ముందు నిలబడి ఏమని చెప్పాలో తేలలేదు. ఒకరోజు బస్టాండు దాకా వెళ్ళి, బాపట్ల బస్సు కదిలిపోతుంటే చూస్తూ నిలబడ్డాను. వారం దాటాక తను అడగడం మానేసింది.

ఇప్పుడు ఆమెకు పదమూడేళ్ళు. మొన్న మెట్ల కింద పడి ఉన్న ఆ పడవకు బూజు దులుపుతూ, తన కాళ్ళు ఇప్పుడు ఆనుతాయనుకున్నాను.

"ఆదివారం ఏటికి వెళ్దామా? నీకు సరిపోతుందిప్పుడు."

ఏది అన్నట్టు చూసింది. మెట్ల కిందికి చెయ్యి చూపించాను.

"అదా? వద్దులెండి," అని లోపలికి వెళ్ళిపోయింది.

నన్ను మీరు అనడం ఎప్పుడు మొదలుపెట్టిందో నాకు గుర్తు లేదు.