పచ్చ లైటు మాట

చిలకలగూడ ఇంట్లో మా మేనత్త హార్మోనియం మెట్టు నొక్కితే, ఆ స్వరానికి గిటారు తీగలు బిగించేవాణ్ణి. ఇద్దరం యాప్రాల్ ఫ్లాట్‌కు మారాక గిటారుకు తగిలించే ట్యూనర్ కొన్నాను. పచ్చ లైటు వెలిగితే శ్రుతి కుదిరినట్టే. నా చెవిని అడగడం మానేశాను.

మొన్న బ్లూస్ పాట వాయిస్తుంటే అత్త వంటింట్లోంచి అరిచింది. "మూడో తీగ దిగిందిరా!"

"బ్లూస్ గట్లనే ఉంటది అత్తా, కావాలనే స్వరం దించుతం." ఆమెకు చెవుడొచ్చిందని నా అనుమానం.

"దించినదానికీ దిగినదానికీ ఫరక్ నాకు తెల్వదా?" అంటూ వచ్చి, ట్యూనర్ పీకి బల్ల మీద పెట్టింది. గిటారు నుంచి ఊడొచ్చినా పచ్చ లైటు వెలుగుతూనే ఉంది.

"ఎప్పటిసంది గిట్లుంది?"

నాకు తెలియదు. పోయిన నెల రెండు కచేరీలు చేశాను. జనం చప్పట్లు కొట్టారు. ఇప్పుడు ఆ చప్పట్ల మీదా నాకు అనుమానమే.