వెనక్కి ఇవ్వని పనిముట్లు

వీధి మొత్తానికీ ఆయన పేరు భూతద్దం. నలభై ఏళ్లు చేతిగడియారాలు బాగుచేసిన మనిషి. పొద్దున్నే కొట్టు తెరిచి కుడికంటికి అద్దం బిగించాడంటే, మళ్లీ భోజనానికే తీసేవాడు. గడియారాల పనిలో బాగున్న వస్తువు పట్టుకుని ఎవరూ రారు కదా. రోజంతా లోపం వెతకడమే పని. వెతికి వెతికి ఆ కన్ను అలాగే స్థిరపడిపోయింది. అది కొట్టులో అన్నం పెట్టింది గానీ, ఇంట్లో మాత్రం కోడిగుడ్డు మీద ఈకలు పీకడం మొదలెట్టింది. కొత్త కుర్చీ కొంటే కాలు పొట్టి. కొత్త దుప్పటి పరిస్తే కుట్టు వంకర. "మా బావ నోట 'బాగుంది' అన్న మాట రావాలంటే గడియారం వెనక్కి తిరగాలి" అనేది మరదలు. ఆ మాటకి అందరూ నవ్వేవాళ్లు, ఆయనతో సహా.

ఆయన భార్య రైల్వే స్టేషన్లో టికెట్ల గుమాస్తా. ముప్పై ఏళ్లపాటు అరచెయ్యంత కంతలోంచి లోకాన్ని చూసింది. ఆ కంతలోంచి ఆమెకి కనిపించినవి చేతులే. గాజుల చేతులు, మసి చేతులు, చిల్లర కోసం తడుముకునే చేతులు. ఆ చేతుల వెనక మనుషులు ఎలా ఉంటారో, రైలు వచ్చేదాకా ఎలా నిలబడతారో ఆమెకి తెలియదు.

ఉద్యోగం ఇంకా ఎనిమిదేళ్లుందనగా, ఒకరోజు ఇంటికొచ్చే దారిలో ఒక దుకాణం అద్దాల వెనక బొమ్మల ఊరు కనిపించింది. వేలెడంత మనుషులు, అగ్గిపెట్టెలంత ఇళ్లు. ప్లాస్టిక్ ముక్కలు కోసి, అతికించి, రంగులు వేసి చేసినవి. ఆమె అక్కడే నిలబడిపోయింది.

"నేనూ ఒకటి చేస్తానండీ, మా ప్లాట్‌ఫారం" అంది ఇంటికి రాగానే. "మనుషుల్ని నిలువెత్తున చూడాలని ఉంది."

"వేలెడంత మనుషుల్ని నిలువెత్తునా?" అని నవ్వాడాయన.

"నవ్వితే నవ్వారు గానీ, పనిముట్లు మాత్రం మీరే ఎంచి పెట్టండి. చిన్న పనిముట్ల సంగతి మీకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు?"

ఆ మాటకి ఆయన ఉబ్బిపోయాడు. వచ్చే ఆదివారం వెళ్దామన్నాడు. ఆ వచ్చే ఆదివారం ఎప్పటికీ వచ్చే ఆదివారంగానే ఉండిపోయింది.

చూసి చూసి ఆమే వెళ్లి ఒక పట్టకారు కొనుక్కొచ్చింది. ఆయన అద్దం పెట్టుకుని చూశాడు. "కొనలు కలవట్లేదు. కనుబొమ్మలు పీక్కోవడానికి పనికొస్తుంది. ఇచ్చేసిరా." మరో నెల కత్తి తెచ్చింది. "ఇది పెన్సిలు చెక్కుకునేది. ఇచ్చేసిరా." ఆఖరికి బ్రష్షు తెచ్చింది. "వేలెడంత బొమ్మకి ఇంత లావు బ్రష్షా? దీంతో గోడలకి సున్నం వేసుకోవచ్చు. ముఖం అంటే మాటలా? కళ్లు దిద్దాలంటే ఒంటి వెంట్రుకలాంటి బ్రష్షు కావాలి. అది దొరికేదాకా రంగు జోలికి పోకు." ఆమె ఎప్పుడూ వాదించలేదు. "సరే, ఇచ్చేస్తాలెండి" అనేది. పాడు సరుకు నుంచి భార్యని కాపాడుతున్నాననే అనుకున్నాడు పాపం. నిజానికి ఆయన కాపాడింది తన పెద్దరికాన్నే.

అలా ఎనిమిదేళ్లు గడిచాయి. ఆమె ఉద్యోగం అయిపోయింది. మరో రెండేళ్లకి ఒక సాయంత్రం ఆమె చేతిలోని టీ కప్పు సాసరు మీద టకటకమని కొట్టుకుంది. కుడిచెయ్యి వణుకు. మందులతో కాస్త తగ్గుతుంది, పూర్తిగా మాత్రం పోదని చెప్పాడు డాక్టరు. నలభై ఏళ్లు చేతి నిలకడ మీద బతికిన మనిషికి వణుకంటే ఏమిటో ఒకరు చెప్పాలా?

ఆ రాత్రి కాదు, మర్నాడు కాదు, వారం తర్వాత నోరు పెగిలింది. "ఆ బొమ్మల పని మొదలుపెడదామా?"

ఆమె లేచి వెళ్లింది. బీరువా అడుగునుంచి ఒక అట్టపెట్టె తీసి బల్ల మీద పెట్టింది. లోపల ప్లాట్‌ఫారం ఉంది. బెంచీ, తూకం యంత్రం, ఐదుగురు మనుషులు. అంతా బూడిద రంగే, ఎక్కడా రంగు చుక్క లేదు. నలుగురు ప్లాస్టిక్ మనుషులు. ఐదోవాడు, చివర చిన్న బల్ల ముందు వంగి కూర్చున్నవాడు, గట్టిపడే ముద్దతో ఆమె చేత్తో మలిచినవాడు. వాడి కుడికంటికి ఆవగింజంత భూతద్దం.

ఆయన అద్దం పెట్టుకుని అరగంట చూశాడు. అతుకులు తెలియడం లేదు. వేళ్లు విడివిడిగా ఉన్నాయి. అప్పుడు అనాల్సిన మాట ఒక్కటే ఉంది. కానీ ఆ నోరు అలవాటు పడిన నోరు.

"బెంచీ దగ్గర జిగురు కాస్త ఎక్కువైంది" అన్నాడు.

ఆమె నవ్వింది. "అయ్యే ఉంటుందిలెండి."

"ఎప్పుడు చేశావు ఇదంతా?"

"మీరు కొట్టుకి వెళ్లాక."

"మరి రంగులెందుకు వేయలేదు?"

"ముఖాలకి మంచి బ్రష్షు కావాలని మీరన్నారుగా. తక్కినవి ఎలాగో లాగించాను గానీ, ఆ ఒక్క మాటా నమ్మాను. మీరు తెస్తారని ఆగాను."

మర్నాడే ఆయన ఆ దుకాణానికి వెళ్లాడు. పదేళ్లలో అదే మొదటిసారి. కౌంటరులో నడివయసు ఆవిడ, వేళ్లనిండా రంగు మరకలు.

"అన్నిటికన్నా సన్న బ్రష్షు ఇవ్వండమ్మా. బొమ్మల ముఖాలకి."

"మొదలుపెట్టేవాళ్లందరూ అదే అడుగుతారండీ" అందావిడ. "సన్న బ్రష్షుకి రంగు నిలవదు. బొమ్మ దగ్గరికి తెచ్చేలోపే ఆరిపోతుంది. ఇదిగో, ఇది తీసుకోండి. పొట్ట కాస్త లావు, కొన మాత్రం సూదిలా ఉంటుంది. కళ్లయినా చొక్కాలయినా దీంతోనే."

ఆయన ఆ బ్రష్షు చేతిలోకి తీసుకున్నాడు. పచ్చ కాడ, లావు పొట్ట. గోడలకి సున్నం వేసుకోమన్న బ్రష్షు అదే. ఆవిడ మాత్రం చెప్పుకుపోతోంది. నీళ్లలో కలిసే రంగులు ఆరు చాలట, మిగతావి కలుపుకోవచ్చట. రంగు పట్టడానికి ముందు ప్రైమరు, ఆఖర్న వార్నీషు. "ప్రైమరు కొట్టేముందు బొమ్మల్ని శుభ్రంగా కడగాలి, చేతి జిడ్డుంటే రంగు ఊడొస్తుంది" అంది. దేంతో కడగాలో కూడా చెప్పే ఉంటుంది. ఆయన చెవులు బ్రష్షు దగ్గరే ఆగిపోయాయి. అయినా కడగడం గురించి ఆయనకి ఒకరు నేర్పాలా?

ఇంటికొచ్చేసరికి భార్య తన చెల్లెలితో కలిసి చేతి వ్యాయామానికి ఆసుపత్రికి వెళ్లి ఉంది. తిరిగొచ్చేలోపు ప్రైమరు కొట్టి ఉంచాలనుకున్నాడు. గాజు గిన్నె తీసి పెట్రోలు పోశాడు. నలభై ఏళ్లలో పెట్రోల్లో నానబెట్టకుండా ఒక్క చక్రం ముట్టుకున్న పాపాన పోలేదు. ఐదుగురు మనుషుల్నీ అందులో వేసి, మూత పెట్టి, భోజనానికి కూర్చున్నాడు. తర్వాత కాసేపు నడుం వాల్చాడు. లేచి, చక్రాల పళ్లు తోమే గట్టి బ్రష్షుతో మొదటి బొమ్మని రుద్దాడు. ముక్కూ తేలలేదు, నోరూ తేలలేదు. ముఖమంతా వెన్నలా జారి వేలికి అంటుకుంది.

నలుగురూ అలాగే అయ్యారు. ఒకరి చెయ్యి వంగిపోయింది, ఒకరి సంచీ కాలికి అతుక్కుపోయింది. చివరి వాడు మాత్రం చెక్కుచెదరలేదు. చేత్తో మలిచిన ముద్దకి పెట్రోలు లెక్క కాదు. భూతద్దం పెట్టుకుని నిక్షేపంగా కూర్చునే ఉన్నాడు వాడు.

అక్కాచెల్లెళ్లు వచ్చేసరికి ఆయన గిన్నె ముందే ఉన్నాడు. భార్య ముందుకొచ్చి, సంచీ ఉన్న బొమ్మని తీసుకుని వణికే వేళ్ల మధ్య తిప్పి చూసింది.

"ఇది నేనండీ" అంది. "కంత ఇవతల, టికెట్టు కొనుక్కుని నిలబడ్డాను."

ఆయన తల దించుకున్నాడు.

"సబ్బునీళ్లతో కడిగితే సరిపోయేది" అంది మళ్లీ. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే ఆయనకి తేలిగ్గా ఉండేది.

"తప్పు నాదే" అన్నాడు. "ఇవాళ్టి ఒక్కటే కాదు, పదేళ్ల తప్పు. ఆ రోజు నువ్వు తెచ్చిన బ్రష్షే సరైనది. చేతిలో పెట్టుకుని కూడా నిన్ను ఆపేశాను." తెచ్చిన బ్రష్షు బల్ల మీద పెట్టాడు.

ఆమె లోపలికి వెళ్లి ఒక రేకుడబ్బా తెచ్చింది. అందులో కనుబొమ్మల పట్టకారు, పెన్సిలు చెక్కే కత్తి, కవరు తీయని పచ్చ కాడ బ్రష్షు.

"ఇచ్చేస్తానన్నావుగా!"

"అన్నాను. ఇవ్వలేదు."

రెండు బ్రష్షులూ పక్కపక్కన పెట్టి చూశాడు. వెంట్రుక తేడా లేదు.

రెండు రోజులు ఆరబెట్టి ప్రైమరు కొట్టాక ఆ పాత బ్రష్షునే ఆమె చేతికి అందించబోయాడు. ఆమె తీసుకోలేదు. "నా వల్ల కాదండీ ఇప్పుడు. మీరు వేయండి, నేను చూస్తాను."

ఆయన సంచీ మనిషిని ఎంచుకున్నాడు. గడియారపు ముల్లు మీద దుమ్ము తీసిన చెయ్యి రంగు ముందు తేలిపోయింది. నీలం మెడ మీదికి పాకింది. ముఖం ఉండాల్సిన చోట వేసిన రంగు గడ్డకట్టింది. కళ్లు దిద్దబోతే రెండూ కలిసి ఒకటే మచ్చయింది. ఆయన బొమ్మనీ, తన అద్దాన్నీ ఆమె ముందు పెట్టి, వాయిదా రోజున బోనెక్కిన ముద్దాయిలా కూర్చున్నాడు.

ఆమె అద్దం ముట్టుకోలేదు. బొమ్మని వెలుతురు వైపు తిప్పి చూసింది.

"బాగుంది" అంది.

"కళ్లు కలిసిపోయాయి చూడు."

"బాగుందండీ."

"ఒక్క తప్పయినా చెప్పవే" అన్నాడు.

"మొదలుపెట్టేవాళ్లకి తప్పులు చెప్పకూడదండీ. మానేస్తారు."

ఆయన బ్రష్షు కడిగి రెండో బొమ్మ అందుకున్నాడు.