అక్క తొడుక్కున్న బడి చొక్కా

నా తల మీది వెంట్రుకలు నన్ను వదిలిపెట్టి చాలా ఏళ్ళయింది. నేను బడిని వదిలినంత తొందరగా కాకపోయినా, అంతే మొండిగా, వెనక్కి తిరిగి చూడకుండా పోయినాయి. ఆ ఖాళీ స్థలంలో ఈమధ్య గరుకుగా ఒక మచ్చ లేచింది. కోవిల్‌పట్టిలో చర్మం డాక్టరమ్మకి చూపిస్తే, ఇన్నేళ్ళ ఎండ చేసిన పని ఇది, ముదరక ముందే వచ్చినారు అని, పూసుకోవడానికి ఒక ట్యూబు రాసిచ్చి, టోపీ లేకుండా గడప దాటవద్దు అన్నది. అంగడి ముందరే టోపీ కొని తలకి పెట్టుకున్నాను. ఎవరూ ఏమీ అనలేదు. అదే నాకు వింతగా తోచింది.

మా కాలంలో ఎండకి ఒళ్ళు కప్పుకోవాలన్నా ఒకరి సెలవు కావాల్సి వచ్చేది. పెద్దవాళ్ళు ఎదురైతే మగవాడు తలగుడ్డ తీసి నడుముకి చుట్టుకోవాలి, అది మర్యాద. మా నాయన చిన్నప్పుడే పోతే, కడంబూరు దారిలో మా పెదనాయనకి ఉన్న మిరపకాయల కళ్ళంలో అమ్మ, అక్క, నేను పని చేసేవాళ్ళం. ఇంటి మనుషులకి కూలి ఏమిటని తిండిగింజలు మాత్రం కొలిచేవాడు ఆ మహానుభావుడు. పొద్దున వచ్చి రేకుల షెడ్డు కింద మంచం వేసుకుని కూర్చుంటే పొద్దు వాలేదాకా లేచేవాడు కాదు కాబట్టి, నా తువ్వాలు ఏనాడూ తలకి ఎక్కింది లేదు. మా వంశంలో నడుముకి ఎండదెబ్బ తగిలినవాడు ఒక్కడూ లేడంటే ఆ పుణ్యం ఆయనదే.

ఆడవాళ్ళకి ఇంకొక చట్టం. కూలికి వచ్చే ఆడవాళ్ళు చీర మీద మొగుళ్ళ పాత చొక్కాలు పొడుగు చేతులవి తొడుక్కుని, తలకి గుడ్డ చుట్టుకుని హాయిగా కాయ తిరగేసేవాళ్ళు. మా ఇంటి ఆడవాళ్ళు మాత్రం చొక్కా తొడగకూడదు, తొడిగితే కూలివాళ్ళకీ మనకీ తేడా ఏముంది అనేవాడు పెదనాయన. ఆ నల్లరేగడి నేల కింద నుంచి కాలుస్తుంటే, పై నుంచి ఎండ, మధ్యలో మిరప ఘాటు. అక్కకి ఆ ఎండ అసలు పడలేదు. మోచేతుల నుంచి వేళ్ళదాకా ఎర్రగా పొక్కులు లేచి, చితికి, నీరు కారి, రాత్రి దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోయేది. విరుదునగర్‌లో చూపిస్తే, మందు కంటే ముందు చేతులు కప్పాలి, ఎండ తగిలినంతకాలం ఇది మానదు, ముదిరితే పనికే పనికిరావు అన్నాడు డాక్టరు. అమ్మ పోయి బతిమాలింది. పెదనాయన కొబ్బరినూనె పూసుకోమన్నాడు. మిరపకాయలకి కూడా అదే పూయాల్సింది, పాపం అవి కూడా ఎండుతున్నాయి కదా!

నేను బడి మానినాను కాబట్టి నా యూనిఫాం చొక్కా ఊరికే కొక్కేనికి వేలాడుతుండేది. వయసుకి మించి పొడుగైన నాకు కుట్టించిన పొడుగు చేతుల చొక్కా కాబట్టి అక్కకి చేతులు మణికట్టుదాకా వచ్చినాయి. మరునాడు అది తొడుక్కుని కళ్ళంలోకి దిగింది. ఆ పొద్దు విరుదునగర్ నుంచి కాయ చూడడానికి వ్యాపారులు వచ్చివున్నారు. వాళ్ళ ముందర పెదనాయన ముఖం పండు మిరపకాయ అయింది.

“ఏయ్, ఆ చొక్కా విప్పు. లేకుంటే నా కళ్ళంలో కాలు పెట్టొద్దు.”

అక్క తల ఎత్తలేదు. చెక్క పలకతో కాయ తిరగేస్తూనే ఉంది. అమ్మ భయపడి, విప్పు తల్లీ అని సైగ చేస్తోంది. నాకు నోరు ఊరుకోదు కదా.

“విప్పిస్తాము పెదనాయనా. ముందు ఆ షెడ్డు రేకులు విప్పేయండి. ఇంటి మర్యాద అందరికీ ఒకటే గదా!”

కూలి ఆడవాళ్ళు గుడ్డ నోటికి అడ్డం పెట్టుకున్నారు. వ్యాపారులకి అడ్డం పెట్టుకోను గుడ్డ లేక బయటికే నవ్వేసినారు. పెదనాయన చెప్పు విసిరినాడు, అది నన్ను దాటి కాయల్లో పడింది. ఆ రోజుతో మమ్మల్ని వెళ్ళగొట్టినాడు. అక్క తాను పట్టిన వరస చివరిదాకా తిరగేసి, పలక గోడకి ఆనించి, అప్పుడు గాని కదల్లేదు. మరునాటి నుంచి ఇంకొకరి కళ్ళంలో కూలికి పోయింది, ఆ చొక్కాతోనే. పొక్కులు మాని, కొత్త తోలు వచ్చింది. పెదనాయన ఇంటి నుంచి పెళ్ళికి గాని చావుకి గాని మాకు మళ్ళీ పిలుపు రాలేదు. ఇప్పుడు తొంభై దాటినాడు. ముఖం మీద ఒక్క మచ్చ లేదు. నేను ఎదురైతే ఇప్పటికీ తల తిప్పుకుంటాడు, నేనూ తిప్పుకుంటాను. క్షమించేంత చల్లని బుర్ర నాకు ఎక్కడిది, ఎండలో ఉడికింది కదా.

ఈనాడు కోవిల్‌పట్టి బస్టాండులో స్కూటర్ మీద పోయే ఆడపిల్లలు ముఖానికి గుడ్డ, చేతులకి తొడుగు, కాళ్ళకి మేజోళ్ళు వేసుకుని, కళ్ళు మాత్రం బయటపెట్టుకుని పోతుంటారు. ఎవరి బిడ్డ, ఏ కులం, ఏ ఇల్లు అని ఆరా తీసినా తెలియదు. వాళ్ళని చూస్తే సంతోషమూ వేస్తుంది, అక్కకి ఆ వయసు తిరిగి రాదే అని బాధా వేస్తుంది.

మొన్న అక్క ఇంటికి పోయి ఇదంతా చదివి వినిపించినాను. నా మాటతోనే గదా ఆ పొద్దు పెదనాయన నోరు మూతపడింది అని మీసం దువ్వుకున్నాను. అక్క చాటలో కందిపప్పు ఏరుతూ, తల ఎత్తకుండానే అన్నది:

“నీ మాటకి వాళ్ళు నవ్వినారు, సరే. నవ్వు ఎండకి అడ్డం నిలుస్తుందా రా? అడ్డం నిలిచింది నేను.”