మినుముల డబ్బాలో ఎర్ర బిళ్లలు

మా ఇంట్లో మందు పారేయడమనేది లేదు. జ్వరం రెండో రోజుకి తగ్గితే మిగిలిన బిళ్లలు మినుముల డబ్బాలోకి వెళ్లేవి. మళ్లీ ఎవరికి జ్వరం వచ్చినా అందులోంచే తీసేదాన్ని. నేను చదివింది మూడో తరగతి దాకా. బిళ్ల పేరు కూడబలుక్కోవడం కన్నా రంగు గుర్తుపెట్టుకోవడం తేలిక.

కొడుకూ కోడలూ భీమవరం అవతల చేపల చెరువు గట్టు మీద కాపలా ఉండేవారు. అక్కడ దగ్గర్లో బడి లేదు. అందుకని మనవరాలు నా దగ్గరుండి మా ఊరి హైస్కూల్లో చదివేది. పుష్కరాలు వెళ్లిన మరుసటి ఏడు అది తొమ్మిదో తరగతి. ఆరోగ్యం సంగతులు పిల్లలకి పిల్లలే చెప్పుకోవాలని ఎవరో వచ్చి, ఆ తరగతిలో ఇద్దరిని లీడర్లుగా ఎంచి మూడు రోజులు నేర్పి వెళ్లారు. మా పిల్లకి చిన్న తరగతుల ఆడపిల్లలు పదిమందిని అప్పగించారు. కింది కనురెప్ప లాగి లోపల ఎర్రగా ఉందా, పాలిపోయిందా చూడడం, నెలసరి గుడ్డలు చాటున కాదు ఎండలో ఆరేయమని చెప్పడం, వారానికో ఎర్ర బిళ్ల పంచడం దాని పని. పరగడుపున మింగితే వికారం పుడుతుందని అన్నం తిన్నాక ఇంటి దగ్గర వేసుకోమనేవారు. వేసుకున్నవాళ్లు కార్డులో టిక్కు పెట్టాలి.

మొదటి బిళ్ల దాని చేతిలో చూసి ఏం జబ్బు చేసిందే అనడిగాను. జబ్బేం లేదు, రక్తం పట్టడానికంది. జబ్బు లేనప్పుడు మందు మింగడమేంటని లాక్కుని, కాగితంలో చుట్టి డబ్బాలో వేశాను. ఆ తరవాత ప్రతి వారం అడగకుండానే తెచ్చి నా చేతిలో పెట్టేది. వానాకాలమంతా అలాగే గడిచింది.

ఆ ఏడు నాకు ఒంట్లో ఓపిక ఉండేది కాదు. కుళాయి దగ్గర్నుంచి బిందె తెచ్చి దింపితే కాసేపు గోడ పట్టుకోవాలి. వయసనుకున్నాను. అన్నం తిన్న వెంటనే టీ పడితేగానీ కంచం దగ్గర్నుంచి లేవలేకపోయేదాన్ని. మనవరాలు కూడా బడి నుంచి వచ్చి, సంచీ అయినా దించకుండా అరుగు మీద వాలిపోయేది. బద్ధకమని తిట్టేదాన్ని.

ఒకనాడు బడి నుంచి వచ్చి అన్నం వద్దంది. గట్టిగా అడిగితే చెప్పింది. పిల్లలు ఒకళ్ల కళ్లు ఒకళ్లు చూసుకుంటుంటే ఏడో తరగతి పిల్ల ఒకతి దీని రెప్ప లాగి, అక్కదే అందరికన్నా తెల్లగా ఉందందట. ఇంకొకతి దీని కార్డు లాక్కుని చూస్తే అన్నీ టిక్కులే. మాకు చెప్పి నువ్వు పారేస్తున్నావా అని నవ్వారట. ఆ వారం పదిమందిలో ఒక్కతీ బిళ్ల తీసుకోలేదు. టీచరుగారు రేపటి దాకా చూసి, లీడరు పని వేరే పిల్లకి ఇస్తానన్నారట.

"డబ్బా ఎక్కడుందో తెలుసు కదే. తీసి వేసుకోలేకపోయావా?"

"తీస్తే దొంగతనం అంటావు."

"వేసుకోకుండా టిక్కు పెట్టడమో?"

"అదీ తప్పే. ఏం చెయ్యమంటావు మామ్మా? మా మామ్మ వేసుకోనివ్వలేదని రాయనా?"

అది అంతకుముందు నాకెన్నడూ ఎదురు చెప్పలేదు. లేచి డబ్బా తీశాను. చెమ్మకి కాగితాలు మెత్తబడి, బిళ్లల రంగు దిగి, మినుములకి అంటుకుని ఉంది.

మర్నాడు డబ్బా చంకన పెట్టుకుని బడికి వెళ్లాను. టీచరుగారు కుర్చీ వేయించారు. కూర్చోలేదు. వరండాలో ఆ పదిమందీ ఉంటే మూత తీసి చూపించాను.

"దీన్నెందుకర్రా అంటారు? తెచ్చింది తెచ్చినట్టు లాక్కుని దాచింది నేను. వేసుకోలేదు కాబట్టే దాని కన్ను అలా ఉంది. వేసుకున్నారు కదా, మీవి చూసుకోండి."

వెనకనున్న పిల్ల డబ్బాలోకి తొంగిచూసి, "మినుములకి మాత్రం బాగా రక్తం పట్టిందండి మామ్మగారూ" అంది. అందరూ నవ్వారు. మా పిల్ల నవ్వలేదు. గోడకి ఆనుకుని కూర్చుని, కార్డులో అబద్ధపు టిక్కులు ఒక్కొక్కటే కొట్టేస్తోంది.

ముందురోజు దాని కన్ను చూసిన పిల్లే నా దగ్గరికొచ్చి, మీదోసారి చూస్తానండి అంది. వంగాను. చూసి మా పిల్లని పిలిచింది. అది వచ్చి రెప్ప లాగి చూసింది.

"మామ్మా, నీకు నాకన్నా తెల్లగా ఉంది."

టీచరుగారు ఆ వారం బిళ్లల పొట్లం దాని చేతికే ఇచ్చారు. పిల్లలు వరసలో నిలబడి తీసుకున్నారు. నాకు మా ఊరి నర్సమ్మగారు వేరే బిళ్లలు ఇచ్చారు. మినుములు కడిగి ఎండబెడదామంటే మనవరాలు ఒప్పుకోలేదు. పారబోశాం. ప్రాణం ఉసూరుమంది.

భోజనమవగానే టీ తాగితే బిళ్ల ఒంటికి పట్టదంది. అదీ మానిపించింది. టీ లేని మొదటి వారం కంచం ముందునుంచి లేవడానికి గోడే ఆసరా. మనవరాలు నాకోసం కార్డులా గీసిన కాగితం పట్టుకుని ఎదురుగా నిలబడేది. బిళ్ల మింగాక నోరు తెరిచి చూపించమనేది, చూపిస్తేగానీ టిక్కు పెట్టేది కాదు. చూపించేదాన్ని.